ఎడమ చేతి బాట

అందరూ నా మొగమే చూస్తే ఎట్ల మామా? ఈ కొండ నేనేమన్నా కొన్నానా ఏంది? "ఆదిశేషూ, నువ్వు పోయి వచ్చినోడివి గదా, నువ్వు చెప్పు, నువ్వు చెప్పు" అని మధ్యాన్నం నుంచి ఒకటే పాట! బీటు ఆఫీసరుదీ అదే మాట, కానిస్టేబులుదీ అదే మాట. ఇంక ఆ శ్యాంసన్ అయితే నా చెయ్యి పట్టుకొని ఇడిస్తే గదా! పెళ్ళాం కనపడకపోతే మనిషి అల్లాడిపోతాడు, కాదనను. అట్లని నా చెయ్యి పిసికితే దొరుకుతుందా?

కూర్చో మామా, రవంతసేపు కూర్చో. నా మోకాలు పట్టేసింది. నిజంగానే పట్టేసింది, అట్ల చూడకు. పన్నెండు మంది కుడి పక్క బాట పట్టి పోయినారు, వాళ్ళు చూసుకుంటారులే. వాళ్ళు కేకేస్తే మనం లేచి పోదాం. అంతవరకు ఈ బండ మీద ఉందాం.

పిచ్చయ్య అంటారు గదా నిన్ను? కింద ఊళ్ళో అందరూ అదే చెప్పినారు. ఈ కొండలో రాయి రాయీ పిచ్చయ్యకు తెలుసు, ఆయన్ను తీసుకపోండి అని. గొర్రెలను ఎవరికి అప్పజెప్పి వచ్చినావు? మీ తమ్మునికా? మంచిది.

ఈ కుక్క ఏంది మామా, వచ్చినకాణ్ణుంచి ఎడమ పక్కకే చూస్తా కూర్చుంది? చెవులు చూడు ఎట్ల నిక్కబొడిచిందో. అడవిపంది వాసన తగిలిందేమో. పిలువు దాన్ని, ఇటు తిరగమను. నాకు బాగలేదు అది అట్ల చూస్తా ఉంటే.

టైం ఎంతయింది? నాలుగుంబావు. పొద్దు గూకడానికి గంటన్నర ఉంది. ఇంకా వెలుతురు ఉందిలే. ఆ మబ్బు ఏంది అంటావా? పడమటి కొండ మీద గదా ఉంది. ఇక్కడికి రాదులే.

రాదు గదా?

అవునవును, అక్కడ కురిస్తే ఇక్కడ వాగు వస్తుంది, తెలుసు నాకు. నేను కూడా ఈ నేల మీద పుట్టినోణ్ణే. మా నాయన కంభం పక్కన సేద్యమే చేసినాడు. వాన మన నెత్తిన పడకుండానే వాగు మన కాళ్ళు లాక్కపోయేది చిన్నప్పటి నుంచి చూసినా.

పొద్దున ఆరున్నరకు కొండ కింద స్కూటరు పెట్టింది మామా ఆ పిల్ల రజిని. పది గంటలకల్లా ఇంటికొస్తా, బియ్యం కడిగి పెట్టమని మొగునికి చెప్పి పోయిందంట. పదకొండు దాటింది, ఫోను కలవలేదు. శ్యాంసన్ బండేసుకొని వచ్చి చూస్తే స్కూటరు అట్లనే ఉంది, హెల్మెట్టు అద్దానికి తగిలిచ్చి ఉంది. అప్పుడు నాకు ఫోను చేసినాడు. "ఆదిశేషన్నా, నువ్వు పోయిన కొండే గదా, తొందరగా రా" అన్నాడు. మార్కాపురం నుంచి ఎట్ల వచ్చినానో నాకే తెలీదు.

నిధి కోసమా అని అడిగినావు గదా ఇందాక. నువ్వే కాదులే, అందరూ అట్లనే అనుకుంటారు. పోయినేడు హనుమంతునిపాడు కాడ ఒక గుట్ట మీద నేనూ రజినీ రాళ్ళు కదిలిస్తా ఉంటే ఊరోళ్ళు చుట్టుకున్నారు, గుప్తనిధులోళ్ళు దొరికినారని! చెట్టుకు కట్టేస్తామన్నారు. రజిని భయపడలేదు మామా. పెట్టె తెరిచి చూపించింది. లోపల ఏముంది? ఒక బొమ్మ కారు, నాలుగు గోళీలు, చిన్న నోటుబుక్కు, పెన్సిలు ముక్క. ఊరి పెద్దాయన ఆ గోళీలు చేతిలోకి తీసుకొని, "దీనికోసమా తల్లీ ఇంత ఎండన పడి వచ్చింది" అని మా ఇద్దరినీ జాలిగా చూసినాడు. మజ్జిగ తాపి పంపినారు.

ఆట మామా ఇది. జియోక్యాషింగ్ అంటారు. దేశదేశాల్లో ఆడతారు. ఒకరు ఒక పెట్టె దాస్తారు. ఎక్కడ దాచినారో ఆ చోటు అంకెలు ఫోన్లో పెడతారు. మిగతావాళ్ళు ఆ అంకెలు పట్టుకొని వెతుక్కుంటా పోవాల. దొరికితే లోపలున్న బుక్కులో పేరు రాసి, తేదీ వేసి, మళ్ళా అక్కడే పెట్టి రావాల. ఇంటికొచ్చినాక ఫోన్లో కూడా "దొరికింది, దారి ఇట్ల ఉంది" అని రాయాల. అది చదువుకొని వెనకొచ్చేవాళ్ళు పోతారు.

పెద్దమనుషులకు ఇదేం ఆట అంటావా? నా పెళ్ళాం కూడా అదే అంటాది. నేను సర్వేయర్ని మామా. పొద్దు లేస్తే చేను గట్లు, హద్దు రాళ్ళు, అన్నదమ్ముల కొట్లాటలు. కొలిచి ఇస్తే ఒకడు దండం పెడతాడు, ఒకడు తిడతాడు. ఆదివారం ఒక్కరోజు ఎవడి హద్దూ లేని చోట తిరుగుదామని మొదలుపెట్టినా. రజిని కంభంలో లెక్కల టీచరు. ఆయమ్మికీ అట్లనే పట్టింది ఈ పిచ్చి. మార్కాపురం, కంభం, గిద్దలూరు, పొదిలి, అన్నీ కలిపినా డెబ్బై పెట్టెలు లేవు. సగం మేం దాచినవే. నాది ఆయమ్మి వెతకాల, ఆయమ్మిది నేను వెతకాల.

మన నేల ఎట్లాంటిదో నీకు చెప్పేదేముంది? పలకల గనులు ఉన్నాయి గదా మార్కాపురం పక్క, పాత గుంతలు. లోపలికి దిగినామంటే ఫోనుకు దిక్కు తెలీదు. గోడలకు తగిలి సిగ్నలు ముప్పై అడుగులు ఇటు చూపిస్తుంది, ముప్పై అడుగులు అటు చూపిస్తుంది. నేను దాచిన ఒక పెట్టె కోసం రజిని మూడు ఆదివారాలు ఆ గుంతలో పలక పెళ్ళలు తిప్పింది. చేతులు కోసుకపోయినాయి. నాలుగో ఆదివారం దొరికినాక నాకు ఫోను చేసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది!

ఊరుకుంటుందా? ఎండాకాలంలో కంభం చెరువు లోపలి పక్క రాళ్ళ సందున ఒకటి దాచింది. నేను తీరిగ్గా కార్తీకంలో పోయినా. పెట్టె ఎక్కడుంది? నిలువు లోతు నీళ్ళ కింద! ఫోను చేస్తే, "ఈత రాదా అన్నా?" అంటాది. నవ్వీ నవ్వీ కట్ట మీదనే కూర్చున్నా.

మంచి పిల్ల మామా. చానా మంచి పిల్ల.

ఏంది, కేక వినపడిందా? మనోళ్ళేనా? ఆ, మనోళ్ళే. "రజినమ్మా" అని పిలుస్తా ఉన్నారు. దూరం పోయినారు అప్పుడే. కొండ తిరిగినట్టున్నారు, గొంతు సన్నగా వస్తా ఉంది.

ఆ పెట్టె ఏ చెట్టు కింద ఉందంటావా?

చెట్టు... చెట్టేముంది మామా, అడవిలో అన్నీ చెట్లే గదా. రాళ్ళ మధ్యన ఉంటుంది. ఎప్పుడో మార్చిలో మాట. ఏడెనిమిది నెలలాయె. ఆకురాలు కాలం అది, ఇప్పుడేమో పచ్చగా గుబురెక్కింది. గుర్తుపట్టేది కష్టం.

ఇది మేం దాచింది కాదులే. బెంగుళూరు నుంచి ఒక పిల్లోడు వచ్చి, కొండలన్నీ తిరిగి, పోతాపోతా దాచిపోయినాడు. వాని ఫోను కూడా కలవడం లేదు. ఏ దేశంలో ఉన్నాడో. అందుకే అందరూ నా మీద పడినారు. ఆ పిల్లోని తర్వాత అక్కడికి పోయినోణ్ణి నేనొక్కణ్ణే గదా. ఫోన్లో రాసి ఉంది. ఆదిశేషు, మార్చి పదహారు.

ఈ ఆటలో చుక్కలుంటాయి మామా. నేల ఎంత కష్టమో చెప్పే చుక్కలు. ఒక చుక్క అంటే ముసలమ్మ కూడా నడిచి పోవచ్చు. ఐదు అంటే తాళ్ళు, సామాన్లు కావాల. ఆ బెంగుళూరు పిల్లోడు ఈ కొండకు నాలుగు చుక్కలు పెట్టినాడు. నాకూ రజినికీ ఒక కట్టుబాటు ఉంది. మూడు దాటిందంటే ఎవరూ ఒక్కరే పోకూడదు. పోటీ ఎంతైనా ఉండనీ, ఇద్దరం కలిసే పోవాల. పైకి చేరినాక బొమ్మా బొరుసా వేసుకొని ఎవరి పేరు ముందు రాయాలో తేల్చుకోవాల. ఆ కట్టుబాటు పెట్టింది నేనే. "నీకు సంసారం ఉంది, నాకు సంసారం ఉంది, నల్లమలతో ఆటలొద్దు" అని పెద్దన్న లెక్క చెప్పినా.

మరి ఈ రోజు ఒక్కటే ఎందుకు వచ్చిందంటావా?

నీళ్ళు ఉన్నాయా మామా నీ కాడ? ఇట్ల ఇయ్యి.

చెప్తా. నేను మార్చిలో వచ్చినాక ఫోన్లో రాసినా. "నాలుగు చుక్కలు ఎందుకు పెట్టినారో అర్థం కాలేదు. రెండు చాలు. మంచి బాట. నలభై నిమిషాలు. ఒక్కరే హాయిగా పోవచ్చు." అట్ల రాసినా. రెండు చుక్కలంటే మా కట్టుబాటు లేదు గదా. అందుకని ఒక్కటే వచ్చింది.

అట్ల చూడకు మామా! మనిషికీ మనిషికీ కష్టం వేరేగా ఉంటాది. నీకు ఈ కొండ పెరడు లెక్క. బెంగుళూరోనికి నాలుగు చుక్కలు. నాకు రెండు అనిపించింది. అంతే.

గాలి ఏంది ఇట్ల చల్లగా తిరిగింది?

ఇంకో సంగతి చెప్పాల నీకు. మా ఇద్దరికీ ఒక పలక ఉంది. మార్కాపురం పలకే, చెక్క చట్రందీ. దాని మీద సుద్దతో రెండు పేర్లు, కింద ఎవరికి ఎన్ని దొరికినాయో ఆ లెక్క. ఎవరు వెనకబడితే పలక వాళ్ళ గోడకు వేలాడాల. ముందుకొచ్చేవరకు తీయకూడదు. క్రిస్మస్ కాణ్ణుంచి అది నా ఆఫీసులో వేలాడింది మామా. మూడు నెలలు! చేను కొలతకని వచ్చిన ప్రతోడూ దాన్ని చూసి, "ఏంది సర్వేయరూ, టీచరమ్మ చేతిలో ఓడిపోయినావంట గదా" అనేది. నవ్వుకుంటానే అనేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం కాలేది. నలభై దాటినోణ్ణి, ఊళ్ళ హద్దులు తేల్చేవాణ్ణి, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నన్ను దాటిపోవడం ఏంది అని.

మార్చిలో ఇద్దరిదీ సమానమైంది. నలభై ఒకటి, నలభై ఒకటి. రజిని అన్నది, "అన్నా, అర్ధవీడు కొండ మీద ఒకటి మిగిలింది, నాలుగు చుక్కలది. వచ్చే ఆదివారం ఇద్దరం పోదామా" అని. సరే అన్నా. ఆ ఆదివారం దాకా ఆగలేదు. మూడు రోజులు ముందే, పదహారో తేదీ, చెప్పకుండా ఒక్కణ్ణే వచ్చినా.

కట్టుబాటు పెట్టిందీ నేనే, తప్పిందీ నేనే. నవ్వు, నవ్వు. నవ్వడం లేదా? సరే.

మళ్ళా లేస్తావేంది మామా? కూర్చో అంటిని గదా. వాళ్ళు పోయింది కుడి పక్కనే గదా, నువ్వే గదా చూపించింది. మధ్యాన్నం ఈ చీలిక కాడికి వచ్చినప్పుడు, "ఎటు?" అని బీటు ఆఫీసరు నన్ను అడిగితే, నువ్వు చెయ్యెత్తి, "బాట ఉండేది కుడి పక్కనే గదా, ఈయన కూడా అట్లనే పోయి ఉంటాడు" అంటివి. నేను తల ఊపినా. అంతే గదా జరిగింది.

తల ఊపినా. నోరు తెరవలేదు.

ఒక మాట అడుగుతా, చెప్పు. ఆ ఎడమ పక్కన ఏముంది? అక్కడ కూడా బాట ఉండాల గదా? తెల్లగా, సన్నగా, పైదాకా పోతాది గదా ఒక గీత? చెట్లు లేకుండా, శుభ్రంగా...

ఏంది?

మళ్ళీ చెప్పు మామా.

బాట కాదా?

నీళ్ళ చారా అది! వానల్లో పైనుంచి వాగు దుమికి దుమికి బండను నునుపు చేసిన చారా? దుముకుడు బండ అంటారా దాన్ని? గొర్రెలు కూడా పోవా?

ఎండాకాలంలో తెల్లగా ఎండి... అవును, ఎండితే తెల్లగా బాట లెక్కే కనపడతాది. పైనుంచి చూస్తే. ఆకాశంలోనుంచి చూస్తే.

ఎంత లోతు మామా? కొనదాకా పోయినాక కింద ఎంత ఉంటాది? నాలుగు నిలువులా?

ఇప్పుడు వాన కాలం. నాచు పట్టి ఉంటాది.

ఉండు. ఉండు మామా, ఒక్క నిమిషం. ఈ నీళ్ళ సీసా పట్టుకో.

నేను పోలేదు.

వినపడలేదా? నేను ఈ కొండ ఎక్కలేదు మామా. ఈ చీలిక కాడికి నేను రావడం ఈ రోజే మొదటిసారి. ఆ పెట్టెను నా కళ్ళతో చూడలేదు. ఏ చెట్టు కింద ఉందో, ఏ రాయి పక్కన ఉందో నాకు తెలీదు. మార్చిలో కింద రేగు చెట్ల కాడిదాకా వచ్చినా, అంతే. అక్కడ ఒక పుట్టను తవ్విపోసి ఉంది. మట్టి ఇంకా తడిగా ఉంది. గోళ్ళ గుర్తులు ఇంత పొడుగు. ఎలుగు అని తెలిసిపోయింది. ఎక్కడో పొదలో ఒక రాయి దొర్లింది. అంతే మామా, వెనక్కు తిరిగి పరిగెత్తినా. చెప్పు తెగిపోయినా ఆగలేదు. బండి కాడికి వచ్చి చూసుకుంటే ప్యాంటు ఒక పక్క చినిగి ఉంది.

ఎవరన్నా చూసినారా అని చుట్టూ చూసినా. ఎవరూ లేరు. చూసినోళ్ళు ఎవరన్నా ఒకరు ఉన్నా బాగుండేది.

కంభం బస్టాండు కాడ టీ తాగతా కూర్చున్నా. ఫోన్లో పటం తెరిచినా. ఉపగ్రహం తీసిన ఫొటో ఉంటాది గదా, కొండలు, వాగులు అన్నీ కనపడతాయి. దాంట్లో చూసినా ఆ తెల్లటి గీత. చీలిక కాడ ఎడమకు తిరిగి, సూటిగా పెట్టె ఉన్న చోటికి పోతా ఉంది. ఇరవై ఏళ్ళ సర్వీసు మామా నాది! బాట ఏదో, వాగు చార ఏదో తెలియనోణ్ణి కాదు. వేరేవాళ్ళ చేను అయితే, పోయి కాళ్ళతో తొక్కి చూడకుండా ఒక్క గీత గీయను. ఆ రోజు టీ గ్లాసు పక్కన పెట్టుకొని, దొరికింది అని రాసినా. రెండు చుక్కలు చాలు అని రాసినా. భయపడి పరిగెత్తినోడు భయం లేదనే రాస్తాడు, ఏం రాస్తాడు ఇంక?

పలక రజిని ఇంటికి పోయింది. పాపం, తనే వచ్చి నా ఆఫీసు గోడ మీద నుంచి తీసుకపోయింది. స్వీటు ప్యాకెట్టు కూడా తెచ్చింది. "చెప్పకుండా పోతివే అన్నా, దొంగవి నువ్వు" అని నవ్వింది. నవ్వతానే అన్నది. నేను తలకాయ ఎత్తలేకపోయినా.

అప్పటినుంచి ఆయమ్మి ఈ కొండ మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి ఆపినా. ఎండలన్నా, వానలన్నా, పరీక్షలన్నా. పెట్టెలో బుక్కు ఉంటాది గదా మామా. తెరిచిందంటే చూస్తుంది. బెంగుళూరు పిల్లోని పేరు ఉంటాది, దాని కింద నా పేరు ఉండదు. అయిపోయె. ఫొటో తీసి అందరికీ పెడతుంది. పోకుండానే పోయినానని రాసేవాడు ఈ సర్వేయరు అని ఊరంతా తెలుస్తుంది. ఇంక నేను పెట్టిన హద్దు రాయిని ఎవడు నమ్ముతాడు? నా అన్నం అదే గదా.

నిన్న సాయంత్రం మెసేజీ పెట్టింది. ఇదిగో, నువ్వు చదవలేవా? నేను చదువుతా. "అన్నా, రేపు పొద్దున నీ రెండు చుక్కల కొండకు పోతున్నా. చీలిక కాడ ఎటు తిరగాల?"

ఇరవై నిమిషాలు పట్టుకొని కూర్చున్నా ఈ ఫోను. "ఆగు రజినీ, నేను కూడా వస్తా" అని కొట్టినా. కొట్టి, చూసుకొని, తుడిపేసినా. నేను వస్తే పెట్టె తెరిచేటప్పుడు పక్కన ఉండాల గదా. ఆ మొగం చూడాల గదా. అందుకని ఇంకోటి కొట్టినా.

చదువుతా. "ఎడమ చేతి బాట పట్టు. కళ్ళు మూసుకొని పోవచ్చు."

అదిగో దాని కింద ఆయమ్మి పెట్టింది. దండం బొమ్మ. థ్యాంక్యూ అన్నా, అని.

ఎడమకు పోయింది మామా. పొద్దున ఏడు గంటలప్పుడు ఇక్కడికి వచ్చి ఉంటుంది. నీ లెక్క బాట తెలిసినోళ్ళు కుడికి పోతారు. ఆయమ్మి నన్ను నమ్మి ఎడమకు పోయింది. నేనేమో పన్నెండు మందిని కుడికి పంపి, మోకాలు నొప్పి అని ఇక్కడ కూర్చున్నా. ఇంతసేపు! నేను ఎడమ అన్నానంటే, ఎందుకు ఎడమ అని అడుగుతారు. ఎడమ బాట కాదని నీకు తెలుసు. అప్పుడు బయటపడిపోతా. అదే ఆలోచించినా మామా, ఇంతసేపు. ఏదో దారి తప్పి ఉంటుందిలే, ఎక్కడో కూర్చొని ఉంటుందిలే అనుకున్నా. దుముకుడు బండ అని నాకు తెలీదు. ఒట్టు. మా నాయన మీద ఒట్టు. తెలిస్తే చెప్పి ఉందునా? ఏమో. ఉందునేమో.

అరువు మామా, గట్టిగా అరువు! నా గొంతు పోదు. వాళ్ళను వెనక్కు రమ్మను. తాళ్ళు తెచ్చినోళ్ళు ఎవరో, ఆ ఎర్ర చొక్కా ఆయన, ఆయన్ను ముందు రమ్మను. ఇంకోసారి అరువు. విన్నారా? తిరిగినారా?

విన్నారు. వస్తా ఉన్నారు.

పద. మనం ముందు పోదాం, వాళ్ళు వచ్చేసరికి ఇంకో అరగంట పడుతుంది. మబ్బు కొండ దిగింది చూడు. ఎటు పక్క అడుగు పెట్టాలో చెప్పు, నీ వెనకే వస్తా. మోకాలు బాగానే ఉంది.

మామా, ఒక్క మాట. నడుస్తానే విను, ఆగద్దు. శ్యాంసన్‌కు ఇదంతా నేనే చెప్తా. కింద దిగినాక నేనే చెప్తా, కొడితే కొట్టించుకుంటా. ఇది మాత్రం ఆయనకు చెప్పలేను. ఎవరికీ చెప్పలేను. నీకు చెప్తా, నువ్వు నన్ను మళ్ళా చూడవు గదా.

పన్నెండింటికి ఆయన ఫోను చేసి, "అన్నా, రజిని ఇంకా రాలేదు, ఫోను కలవడం లేదు" అన్నాడు. ఏడుస్తా ఉన్నాడు. పొద్దున లేచిన కాణ్ణుంచి నేను ఆ ఫోను కోసమే చూస్తా కూర్చున్నా, రజిని చేస్తుంది, పెట్టె తెరిచినా, నీ పేరు లేదేంది అన్నా అని అడుగుతుంది అని. ఆయన ఆ మాట చెప్పంగానే నాకు మొదట ఏమనిపించిందో తెలుసా?

హమ్మయ్య అనిపించింది మామా. పెట్టె తెరిచి ఉండదులే అని.